కలిసొచ్చిన లీవు ఫైలు

మీ తరానికి ఒక అదృష్టం ఉంది. ఫోన్‌లో రాసింది తుడిచేసినా అది ఎక్కడో ఒకచోట బతికే ఉంటుందని మీకు చిన్నప్పటి నుంచే తెలుసు. మాకు తెలియదు. మా లెక్కలో తెర మీద కనబడనిది లేనట్టే. దుబాయ్‌లో డాక్యుమెంట్ కంట్రోలర్‌గా, అంటే కంపెనీ కాగితాలకు కాపలా కాసే మనిషిగా పనిచేసి రిటైరైన నేను ఈ మాట అనడం ఏమంత గౌరవంగా ఉండదు. అయినా చెబుతాను. రేపు మీలో ఎవరో ఏదో ఆఫీసులో కూర్చుని, నలుగురూ కలిసి దిద్దే ఫైల్లో మనసులో మాటంతా కక్కేసి, పంపేముందు తీసేద్దాంలే అనుకుంటారు. వాళ్ల కోసమే ఇది.

మాది బిల్డింగుల ఏసీలు, పైపులు, కరెంటు చూసే మెయింటెనెన్స్ కంపెనీ. ఆఫీసు దుబాయ్‌లో, కార్మికుల క్యాంపు అల్ వర్సాన్‌లో, నా గది షార్జా అల్ నహ్దాలో. నహ్దా నుంచి పొద్దున దుబాయ్‌లోకి రావడమంటే తల ప్రాణం తోకకొచ్చే పని. ఆ ట్రాఫిక్‌లో గడ్డం గీసుకున్నవాళ్లను చూశాను, పూజ చేసుకున్నవాళ్లను చూశాను. నేను మాత్రం ఆ కారులోనే క్యాంపు వాళ్ల లీవు ఉత్తరాలు దిద్దేవాణ్ణి. ఆ అలవాటు కరోనాతో మొదలైంది.

కరోనా రాగానే కాగితం ముట్టుకోవద్దన్నారు. ఐటీ అతను ఆఫీసు ఫైళ్లన్నీ ఆన్‌లైన్లో పెట్టాడు. అందులో 'లీవ్ లెటర్ ఫార్మాట్' అని ఒకే ఒక్క పేజీ ఫైలు ఉండేది. నాకూ, మా ముదీర్‌కూ, అంటే మేనేజర్‌కూ, దాని మీద పూర్తి హక్కులిచ్చి, క్యాంపులో అందరికీ లింకు పంపాడు. ఆ ఫైలు తెరిచి, ఎవరికి వారు కాపీ తీసుకుని, పేరూ కారణమూ మార్చుకుని పంపాలన్నది అతని ఉద్దేశం. పాపం, మనవాళ్ల సంగతి అతనికి తెలియదు.

మొదట ఒక ప్లంబరు కాపీ తీయడం చేతగాక ఆ ఫైల్లోనే నేరుగా రాశాడు. వెంటనే లీవు వచ్చింది. తర్వాత ఒక ఎలక్ట్రీషియన్ పద్ధతి ప్రకారం కాపీ తీసి, నీటుగా టైపు చేయించి పంపాడు. రాలేదు. మూడోవాడు మళ్లీ అసలు ఫైల్లోనే రాశాడు, వచ్చింది. ఇక క్యాంపులో తీర్మానం జరిగిపోయింది. ఆ ఫైలు కలిసొచ్చిన ఫైలు. ఆరోజు నుంచి ఎవరు లీవు అడగాలన్నా ముందువాడి ఉత్తరం తుడిచి అక్కడే రాయాలి. కాపీ తీయండిరా అని మొత్తుకున్నాను, ఎవరూ వినలేదు. పైగా ఎవరో పేజీ పైన 'శ్రీరామ' అని, మరెవరో '786' అని, ఇంకొకరు కింద చిన్న సిలువ గుర్తు, ముదీర్‌కు కనబడకుండా తెల్ల రంగు అక్షరాలతో పెట్టారు. ముగ్గురూ ఒకరిది ఒకరు చెరపకుండా జాగ్రత్తపడ్డారు.

ఇప్పుడు ముదీర్ గురించి చెప్పాలి. జోర్డాన్ మనిషి, వయసు మీరినవాడు, ఎప్పుడూ చేతిలో పూసల దండ తిప్పుతూ ఉండేవాడు. కంప్యూటర్ ముట్టడు. మెయిళ్లు కూడా సెక్రటరీ ప్రింటు తీసిస్తేనే చదువుతాడు. ఫోన్ మాత్రం నిద్రలోనూ వదలడంటారు. ఎండాకాలంలో ఏసీ పనులు ఎక్కువ కాబట్టి మామూలు లీవులు బంద్. ఎమర్జెన్సీ లీవు ఒక్కటే దారి. అదీ ఇంట్లో ఎవరైనా పోతేనో, ఆసుపత్రిలో పడితేనో. దాంతో ఎండలు ముదిరే కొద్దీ మా క్యాంపు నాయనమ్మలకు గండం వచ్చేది. ఒక్కొక్కరికి ఎంతమంది నాయనమ్మలున్నారో నేను అడగడం మానేశాను.

ఉత్తరాలు తయారయ్యే పద్ధతి ఇది. లీవు కావాల్సినవాడు ఫైలు తెరిచి, మైకు గుర్తు నొక్కి, తెలుగులో తన గోడంతా చెప్పుకుంటాడు. ఫోనే టైపు చేస్తుంది. గదిలో వేరేవాళ్ల మాటలు కూడా అందులో పడతాయి. ఒకడి భార్య అలిగి ఫోన్ ఎత్తడం లేదన్న బాధ మధ్యలో "చపాతి మాడుతుంది సూడరా" అని ఉండేది. పొద్దున కారులో నేను అది చదివి, సారం పట్టుకుని, ఇంగ్లీషులో మూడు లైన్ల జబ్బుగా మార్చి, తెలుగంతా తీసేసేవాణ్ణి. పైకి వెళ్లేది ఆ మూడు లైన్లే. అది అబద్ధం కదా అంటారేమో. కంపెనీ జబ్బునే అడిగింది, నేను జబ్బునే ఇచ్చాను.

మా క్యాంపు క్లినిక్‌లో ఒక నర్సు ఉండేది. నరసాపురం అమ్మాయి. నన్ను అన్నయ్యగారూ అనేది, అందరిలాగే నేనూ ఆమెను సిస్టర్ అనేవాణ్ణి. మందుల పేర్లు, ఆపరేషన్ల పేర్లు తప్పు పోకుండా సరిచూసేది ఆమే. "హెర్నియాకి నెల్రోజులు రెస్టని రాయకండి అన్నయ్యగారూ, నవ్వుతారు" అనేది. మా ఇద్దరి చేతి మీదుగా ఎన్ని జబ్బులు సముద్రం దాటాయో దేవుడికి తెలియాలి.

అసలు కథ 2022 ఎండాకాలంలో జరిగింది. జగిత్యాల వైపు నుంచి వచ్చిన చిల్లర్ మెకానిక్ ఒకడుండేవాడు. చిల్లర్ అంటే మొత్తం బిల్డింగుకు చల్లదనమిచ్చే పెద్ద యంత్రం. మనిషి కూడా దాదాపు అంతే. బొంగురు గొంతు, గుబురు మీసాలు, నెత్తి మీద ఎప్పుడూ టోపీ. ఫోర్‌మన్లు కూడా అతనితో మెల్లగా మాట్లాడేవారు. అలాంటివాడు ఒక రోజు ఫైల్లో చెప్పుకున్న మాటలు నాకిప్పటికీ గుర్తున్నాయి.

"సార్, నాకు సంబంధం కుదిరింది. ఇంతకుముందల వచ్చినోళ్లు నా నెత్తి సూసి ఎల్లిపోయిండ్రు. ఈ పిల్ల వీడియో కాల్‌ల టోపి తియ్యమన్నది. తీసిన. నవ్వలే సార్. ఎండల పనిజేసేటోళ్లకు గట్లనే ఉంటది అన్నది. ఆమెను నేను ఫోన్‌ల తప్ప సూడలే. నిశ్చితార్థానికి నేనే లేకపోతె బాగుండది. ఒక్కపారి సూసొస్త సార్."

నహ్దా ట్రాఫిక్‌లో నా కళ్లు చెమర్చాయి. చెమర్చిన కళ్లతోనే అదంతా తీసేసి, తండ్రిగారికి హెర్నియా ఆపరేషన్ అని రాశాను. సిస్టర్ ఓకే అంది. ముదీర్ సంతకం పెట్టాడు. మెకానిక్ ఎగిరిపోయాడు.

అతను తిరిగి వచ్చేసరికి కొత్త హెచ్చార్ ఆఫీసర్ చేరి ఉన్నాడు. ఢిల్లీ మనిషి, కుర్రవాడు, పనితనం చూపించాలన్న ఉబలాటం ఎక్కువ. మా మెకానిక్ వేలికి కొత్త ఉంగరంతో, చేతిలో లడ్డూల డబ్బాతో ఆఫీసులోకి వచ్చి అందరికీ పంచాడు. హెచ్చార్ కూడా ఒకటి తీసుకుని, మర్యాదకు హిందీలో అడిగాడు.

"నాన్నగారు ఎలా ఉన్నారు?"

"ఫస్ట్ క్లాస్ సాబ్. నిన్ననే తాడెక్కిండు" అన్నాడు మెకానిక్, సగం హిందీలో సగం చేతులతో. వాళ్లది కల్లు గీసే కులవృత్తి. తండ్రి తాటిచెట్టు ఎక్కుతున్న వీడియో కూడా తీసి చూపించాడు.

"మరి ఆపరేషన్?"

"ఏం ఆపరేషన్ సాబ్?"

నేను పక్కన లడ్డూ మింగలేక, కక్కలేక నిలబడ్డాను. ఉత్తరంలో ఏం రాశానో అతనికి చెప్పడం మరిచిపోయాను. చెప్పినా లాభం లేదులెండి, ఆ మనిషికి అబద్ధం నోట్లో నిలవదు.

హెచ్చార్ లడ్డూ తినేసి తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. మధ్యాహ్నానికి నన్ను పిలిచాడు. అతని తెర మీద మా లీవు ఫైలు ఉంది. పక్కన నేనెన్నడూ తెరవని ఒక వరుస ఉంది. ఏ రోజు ఎవరు ఏం రాశారు, ఏది తీసేశారు, అన్నీ పేర్లతో సహా. మెకానిక్ మాటలు ఎర్రగా, వాటి మీద గీతతో కనబడుతున్నాయి. పక్కన తీసేసిన మనిషిగా నా పేరు.

"దీన్ని కంపెనీని మోసం చేయడమంటారు" అన్నాడతను. "బుధవారం ముదీర్ ముందు పెడుతున్నాను. ఇతణ్ణి పంపించేయాలి. మిగతావాళ్లవి తర్వాత ఒక్కొక్కటీ చూద్దాం."

ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే మొన్ననే కుదిరిన సంబంధం నిలుస్తుందో లేదో. వెంటనే క్యాంపుకు వెళ్లి సిస్టర్‌కు చెప్పాను. ఆమె క్లినిక్ కంప్యూటర్లో ఫైలు తెరిచి, ఆ వరుస పట్టుకుని కిందికి పోతూనే ఉంది.

"అన్నయ్యగారూ, అందరివీ ఉన్నాయండి. మొదటి రోజు నుంచీ. నాది కూడా ఉందండి."

"నువ్వేం రాసినవమ్మా?"

"మా అమ్మగారింట్లో పదిరోజులు పడుకుని నిద్రపోవాలని ఉందని రాశానండి. తర్వాత మీరే డెంగీ అని మార్చారు."

సరే, తుడిచేద్దామని కూర్చున్నాం. మెకానిక్ మాటలున్న చోట వేరే మాటలు టైపు చేశాను. వరుసలో ఇంకో గీత పెరిగింది, దాని పక్కన నా పేరు. మార్చింది వెనక్కి తిప్పాను. ఇంకో గీత, మళ్లీ నా పేరు. సిస్టర్ ప్రయత్నించింది, ఆమె పేరు చేరింది. మేం ఎంత కడిగితే మా వేలిముద్రలు అంత పెరుగుతున్నాయి. చివరకు విసిగి, ఫైలునే డిలీట్ చేశాను. క్షణంలో కంపెనీ మొత్తానికి మెయిల్ వెళ్లింది, ఫలానా ఆయన లీవు ఫైలు తీసేశారని.

క్యాంపులో ఫోన్లు మొదలయ్యాయి. "అన్నా, మన ఫైల్ ఏడవోయింది?" అని ఒకడు. "పెద్దమనిషివి, నీకేం పొయ్యేకాలమొచ్చింది?" అని ఇంకొకడు. కలిసొచ్చిన ఫైలును చంపినవాడిగా నన్ను చూడటానికి కొందరు క్లినిక్ బయట గుమిగూడారు. చెత్తబుట్టలోంచి దాన్ని తీసి యథాస్థానంలో పెట్టేదాకా వాళ్లు కదల్లేదు. దాని చరిత్ర కూడా చెక్కుచెదరకుండా తిరిగి వచ్చింది.

మెకానిక్‌కు విషయం చెప్పాను. కోపంతో నా మీద పడతాడనుకున్నాను. అతను టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"నౌకరి పోతె పోనీ అన్నా. వేరే దేశం పోత. గని నేను మాట్లాడింది అందరి ముంగట సదవద్దని చెప్పు. గది ఆమె ముచ్చట."

నేను మాటిచ్చాను. ఎలా నిలబెట్టుకోవాలో మాత్రం తెలియలేదు.

బుధవారం ముదీర్ గదిలో నలుగురం ఉన్నాం. ముదీర్ కుర్చీలో పూసలు తిప్పుతున్నాడు. హెచ్చార్ గోడ మీది పెద్ద టీవీకి తన కంప్యూటర్ తగిలించాడు. మెకానిక్ తలుపు దగ్గర, ఎటు చూడాలో తెలియక ఏసీ జాలీ వైపు చూస్తున్నాడు. మాటలు ఇంగ్లీషు, హిందీ కలిపి నడిచాయి, మీకు తెలుగులో చెబుతాను.

నేను ముందుగానే అందుకున్నాను. "సార్, ఇది అతని సొంత విషయం. అందరి ముందూ చదవడం న్యాయం కాదు. శిక్ష ఏదైనా ఉంటే ఇంగ్లీషు రాసిన నాకు వేయండి." ఈ మాట చాలా గంభీరంగా చెప్పాలని కారులో సాధన చేశాను. తీరా అక్కడ ఒక్క ఊపిరిలో అనేశాను.

"కంపెనీ ఫైల్లో సొంత విషయం ఉండదు" అన్నాడు హెచ్చార్. "సార్, మీరు సంతకం పెట్టింది తండ్రి ఆపరేషన్‌కు. ఇతను వెళ్లింది నిశ్చితార్థానికి. ఇదిగో, అనువాదం చదువుతాను."

"అక్కర్లేదు, ఆపెయ్" అన్నాడు ముదీర్. పూసలు బల్ల మీద పెట్టి జేబులోంచి ఫోన్ తీశాడు. "ఈ ఫైల్లో ఎవరు వేలు పెట్టినా నా ఫోన్ మోగుతుంది. ఐటీ అతను మొదటి రోజే అలా పెట్టాడు. ఎలా ఆపాలో నాకు తెలియలేదు. తర్వాత ఆపాలనిపించలేదు."

ఆయన చెప్పుకుపోయాడు. ఫోన్ మోగగానే తెరిచేవాడట. తెలుగును ఫోనే ఇంగ్లీషులోకి మార్చేదట. నేను నహ్దాలో కారెక్కేలోపే ఆయన అంతా చదివేసి ఉండేవాడట.

"నాయనమ్మల ఉత్తరాలు చూసి చూసి నా జుట్టు నెరిసింది. మనిషి నిజంగా ఎందుకు అడుగుతున్నాడో ఈ ఫైల్లోనే తెలిసేది. ఇతని విషయంలో నేను సంతకం పెట్టింది ఆపరేషన్‌కు కాదు. తెలిసే పెట్టాను. ఖలాస్."

నాకప్పుడు వెలిగింది. కాపీ తీసి నీటుగా టైపు చేయించినవాళ్లకు లీవు ఎందుకు రాలేదో, అసలు ఫైల్లో గోడు చెప్పుకున్నవాళ్లకు ఎందుకు వచ్చిందో. కలిసొచ్చింది ఫైలు కాదు, అందులో పడ్డ నిజం. ఇన్నాళ్లూ నేను కష్టపడి రాసిన జబ్బులను ఆ మనిషి కన్నెత్తి చూడలేదని తెలిసి, నిజం చెప్పాలంటే, కొంచెం మనసు నొచ్చుకుంది.

ఆ వెంటనే ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆ గోడుల్లో ఆయన మీద తిట్లు కూడా ఉండేవి, కొన్ని చాలా చక్కటివి. ముదీర్ నా వైపు తిరిగాడు.

"'తిక్కలోడు' అనే మాట చాలాసార్లు వస్తుంది. ఫోన్ దానికి అర్థం చెప్పడం లేదు. నా గురించేనా?"

"అవును సార్. పట్టుదల ఉన్న పెద్దమనిషి అని" అన్నాను.

ఆయన తల పంకించాడు. నమ్మాడో లేదో ఇప్పటికీ చెప్పలేను. హెచ్చార్ టీవీ ఆపేశాడు. పాపం, అతను చెడ్డవాడు కాదు. రూలు ఎక్కడుందో చూపించాడు, ఆ రూలును పక్కన పెట్టే మనిషి ఎదురుగా కూర్చున్నాడని అతనికి తెలియలేదు.

బయటికి వచ్చాక మెకానిక్ భుజం తట్టాను. "నౌకరి నిలిచింది తమ్మీ. ఇగ లడ్డూలు మళ్ల తేవాలె."

అతని మొహంలో సంతోషం లేదు. "నిలిచింది అన్నా. గని ఇగ ఆయన ముంగట మొఖమెట్ల సూపియ్యాలె? నేను గా ముచ్చట ఆయనకు చెప్పలే. ఫోన్‌కు చెప్పిన."

నాకు ఒళ్లు మండింది. ఆ చదువుడు వల్లే నీ ఉద్యోగం మిగిలిందిరా అన్నాను. అతను పనిముట్ల సంచి తీసుకుని వెళ్లిపోయాడు. తర్వాత చాలా రోజులు ముదీర్ కారు కనబడితే పిల్లర్ చాటుకు పోయేవాడు, అంత పెద్ద మనిషి.

సాయంత్రానికల్లా, ముదీర్ ఫైలు చదువుతాడన్న వార్త క్యాంపంతా పాకింది. ఇక చూడండి. మరుసటి వారం నుంచి ఫైల్లో గోడులన్నీ మారిపోయాయి. భార్య అలక లేదు, నిద్ర లేదు, చపాతీ లేదు. "దయామయులైన ముదీర్ గారికి" అని మొదలుపెట్టి, తెలుగులోనే నాయనమ్మ ప్రాణం తీసేవారు. ఒకడు మైకు ముందు ఏడుపు కూడా పెట్టాడట, ఫోన్‌కు ఏడుపు టైపు చేయడం రాక ఊరుకుంది. ముదీర్ అన్నీ తిప్పి పంపాడు. ఫైలు మహిమ పోయిందన్నారు. సిస్టర్ ఒక్కతే నాతో, "పోనీలెండి అన్నయ్యగారూ, ఎవరూ చూడట్లేదనుకునే కదండీ మనసులో మాట చెప్పుకున్నారు" అంది. అప్పుడు గానీ మెకానిక్ మాట నాకు ఎక్కలేదు. మేలు జరిగిందని నేను చూశాను, తనను అడక్కుండా జరిగిందని అతను చూశాడు. రెండూ నిజమే.

ఐటీ అతను వచ్చి ఆ ఫైలు చరిత్రతో సహా శాశ్వతంగా తీసేశాడు. హెచ్చార్ కొత్త పద్ధతి పెట్టాడు. అందులో కారణం గడిలో నాలుగు మాటలే పడతాయి, అవి కూడా ముందే రాసి ఉంటాయి.

కొన్ని నెలలకు, ఒక పొద్దున మెకానిక్ యూనిఫాంలో ఆఫీసుకు వచ్చాడు. నా దగ్గరికి రాలేదు. నేరుగా వెళ్లి ముదీర్ తలుపు తట్టాడు. టోపీ తీసి లోపలికి వెళ్లాడు. ఆ గదికి అద్దాల గోడ, మాకు కనబడుతుంది గానీ వినబడదు. మేమందరం పని చేస్తున్నట్టు నటిస్తూ చూస్తున్నాం. ముదీర్ కూర్చోమన్నట్టున్నాడు, కూర్చున్నాడు. చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు. అతని హిందీ ఎంతో, ఆయన హిందీ ఎంతో నాకు తెలుసు, మరి ఏం అర్థమైందో. ముదీర్ ఒకసారి నవ్వాడు, తర్వాత చాలాసేపు నవ్వలేదు. టీ తెప్పించాడు.

అతను బయటికి వెళ్తుండగా ముదీర్ తలుపు తెరిచి, అతనికి సెలవు వేయమని నాకు చెప్పాడు. అలవాటు కొద్దీ, "కారణం ఏమని వేయమంటారు సార్?" అన్నాను.

"నిన్ను అడగలేదు కదా" అని తలుపేసుకున్నాడు.

నేను ఊరుకునే మనిషిని కాదు. లిఫ్టు దగ్గర మెకానిక్‌ను పట్టుకున్నాను. "గంతసేపు ఏం మాట్లాడినవ్ తమ్మీ? పెండ్లి ముచ్చటనేనా?"

"కాదన్నా."

"మరి దేనికి లీవు?"

అతను టోపీ పెట్టుకుంటూ నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు, ఎగతాళీ లేదు. "చెప్పాల్సినోనికి చెప్పిన గదా అన్నా" అన్నాడు. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

ఆ కంపెనీలో అందరి సెలవులకూ అసలు కారణాలు తెలిసినవాణ్ణి నేను. ఆ ఒక్క సెలవు దేనికో నాకు ఈరోజు వరకూ తెలియదు.